గిన్నె అడుగున పేరు

అరోరా ఊళ్లోని తెలుగు చర్చిలో ఆదివారం భోజనాల దగ్గర దేవకుమార్‌కు పూనకం వచ్చింది. రెండు వందల ఏళ్ల కిందట రాబర్ట్ ఓవెన్ అనే బ్రిటిష్ మిల్లు యజమాని సొంత ఆస్తి కూడదన్నాడనీ, పక్క రాష్ట్రం ఇండియానాలోనే అంతా ఉమ్మడిగా బతికే ఊరు పెట్టాడనీ, తన భార్య జెనిఫర్ వండి పంపిన బిరియానీ చల్లారేదాకా ఊదరగొట్టాడు.

"మరి ఆ ఊరేమైంది తమ్ముడూ?" అంది దీనమ్మ, వడ్డిస్తూ.

"రెండేళ్లకే కొట్లాడుకుని విడిపోయారక్కా. మనుషులకి ఈ 'నాది' అనే రోగం వదలదు, ఏం చేస్తాం!"

భోజనాలయ్యాయి. దీనమ్మ కడిగి బోర్లించిన అందరిళ్ల గిన్నెల్ని దేవకుమార్ ఒక్కొక్కటే ఎత్తి, అడుగున అంటించిన పేరు టేపులు చదవసాగాడు.

"ఏదో ఒకటి తీసుకెళ్లు తమ్ముడూ, అన్నీ అందరివేగా?"

దేవకుమార్ గొంతు తగ్గించాడు.

"సిద్ధాంతం నాదే అక్కా. గిన్నె జెనిఫర్‌ది."