గమనించవలసిన లక్షణాలు

"ఇంట్లో మనిషి తిరుగుతున్నట్టు లేదే, నీడ తిరుగుతున్నట్టుంది," అంది అత్తగారు. తహ్మీనా భర్త జునైద్ చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. అతను టీవీ మీంచి కళ్ళు తిప్పకుండానే నవ్వాడు. "ఉండనీ అమ్మీ, ఇప్పుడే కదా ఇల్లు ప్రశాంతంగా ఉంది."

మార్చిలో పాకిస్తాన్‌లో, మీర్‌పూర్‌లో ఆమె తల్లి పోయింది. టికెట్ దొరికి వెళ్ళేసరికి ఖననం అయిపోయింది. ఇంగ్లండు తిరిగొచ్చాక మాట్లాడటానికి ఏమీ మిగలలేదనిపించింది. తల్లి దుపట్టా తలకి చుట్టుకుని, మధ్యాహ్నం నమాజు చేసుకోవడం మొదలుపెట్టింది. ఆమె మాట ఏమైందని వెక్కిరించినవాళ్ళే గానీ, ఎందుకు పోయిందని అడిగినవాళ్ళు లేరు.

యూనివర్సిటీలో ఆమెది విద్యార్థుల సంక్షేమ విభాగం. తీవ్రవాదం వైపు జారే పిల్లల్ని ముందే కనిపెట్టాలని చట్టం వచ్చాక, అనుమానం వచ్చినవాళ్ళ మీద నింపే ఫారాలు కూడా ఆమె బల్ల మీదికే చేరాయి. జీతం మాత్రం పెరగలేదు. "మీవాళ్ళు నీతో అయితే మనసు విప్పుతారు" అని పై అధికారి హిలరీ భుజం తట్టింది. అందులో మెప్పు ఎంతో, వాడకం ఎంతో తహ్మీనాకి ఇప్పటికీ తేలలేదు.

ఆ సోమవారం వచ్చిన పేరు సఫియ్యా, రెండో సంవత్సరం. క్లాసులకి రావడం లేదు, స్నేహితుల్ని వదిలేసింది, తలకి గుడ్డ కట్టింది, "ఇంకెన్నో రోజులు లేవు" అని ఎవరితోనో అంది. పిలిస్తే ఆ అమ్మాయి వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. చేతులకి ఉల్లిపాయల వాసన. తల్లికి కాన్సరనీ, అన్నలకీ నాన్నకీ వంట తనే చేస్తోందనీ నెమ్మదిగా చెప్పింది.

"ఇంకెన్నో రోజులు లేవని డాక్టరే అన్నాడు బాజీ," అంది, అక్కని పిలిచినట్టు. "నేను అదే అన్నాను."

ఆందోళన పడాల్సిందేమీ లేదని తహ్మీనా రాసి పంపింది. గంటలో హిలరీ తిప్పి పంపింది: లక్షణాలన్నీ వరసగా ఉన్నాయి కదా, తిరగరాయి.

సఫియ్యా ఫారం మళ్ళీ తెరుద్దామని జాబితాలోకి వెళ్ళింది. ఇంగ్లీషు అక్షరక్రమంలో ఆ పేరుకి కాస్త కిందే ఇంకో పేరుంది. తహ్మీనా మాలిక్, సిబ్బంది. తనకి కనపడకూడని పేజీ అది. ఎవరో తాళం వేయడం మరిచారు.

నొక్కింది. మధ్యాహ్నాలు ప్రార్థన గదిలో గడుపుతోంది. శుక్రవారం సాయంత్రాల ఆఫీసు విందులకి రావడం మానేసింది. వేషం మారింది. చివరి వాక్యం రెండుసార్లు చదివింది. 'ఇంట్లో కూడా నీడలా తిరుగుతోందని భర్త చెప్పారు.'

ఆమెకి గుర్తొచ్చింది, తను జ్వరంతో పడుకున్న రోజు హిలరీ తమ ఇంటికి ఫోన్ చేసింది. పక్కగదిలో జునైద్ నవ్వుతూ చాలాసేపే మాట్లాడాడు. ఆఫీసువాళ్ళకి తనంటే ఎంత ఆపేక్ష అని ఆ రోజు తహ్మీనా సంతోషించింది కూడా.

గాజు గోడ అవతల ఎవరో నడిచి వెళ్ళారు. ఆమె తలెత్తలేదు. తలెత్తితే అదీ రాస్తారేమో అనిపించింది. నెలల తరబడి తను మౌనంగా దుఃఖపడుతున్నాననుకుంది. ఆ మౌనాన్ని పక్కన కూర్చుని ఒకరు చెబుతూ, ఇంకొకరు రాసుకుంటూ ఉన్నారు.

ఆగమన్నందుకు సఫియ్యా ఇంకా బయట బెంచీ మీదే ఉంది. తహ్మీనా తలుపు తీసి లోపలికి పిలిచింది. విద్యార్థికి ఫారం చూపిస్తే ఉద్యోగం పోతుందని శిక్షణలో మొదటి రోజే చెప్పారు. కుర్చీ దగ్గరగా లాగి, సఫియ్యా పేజీ తెరిచి, కంప్యూటర్ తెరని ఆమె వైపు తిప్పింది.

"ఇది నీ గురించి రాసింది. చదువు. తప్పున్నచోట చెప్పు, నీ మాటల్లోనే రాస్తాను. కింద నా సంతకం ఉంటుంది."