దుప్పి వేట నాడు వంతెన

వంతెన పని చూసే గున్వోర్ గీసిన షెడ్యూలులో గాలికి కూడా వంతుంది. సోమవారం పొద్దున గాలి పడిపోతుంది. క్రేనుతో ఉక్కు దూలం ఎత్తాలి, కింద నలుగురు పట్టి ఏటి మీద కూర్చోబెట్టాలి. మంగళవారం క్రేను వేరే ఊరికి పోతుంది. మళ్ళీ వచ్చేది మంచు కరిగాకే. అంటే ఈ వంతెనకు వంతు తప్పితే బడిపిల్లలు చలికాలమంతా నలభై కిలోమీటర్లు చుట్టు తిరగాలి.

ఇంత పకడ్బందీ షెడ్యూలుకు ఒక్కటే కన్నం, అదీ దుప్పి దూరేంత! సోమవారం దుప్పి వేట మొదటి రోజు. ఆ రోజు వాళ్ళ ఊళ్ళో పళ్ళ డాక్టరు కూడా దొరకడు. గున్వోర్ తన సెలవు మాత్రం జనవరిలోనే ఎర్ర సిరాతో రాసుకుంది. మిగతావాళ్ళకూ తుపాకులున్నాయన్న సంగతే మరిచిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం గుర్తొచ్చి, వేట జట్టు పెద్ద తోర్నీ ఇంటికి పరుగెత్తింది. వంటింట్లో కాఫీ చుట్టూ జట్టంతా ఉంది.

"రేపు క్రేను ఎక్కుతావా?" అని క్రేను నడిపేవాణ్ణి అడిగింది గున్వోర్.

అతని పేరు ఎబ్బే. జవాబూ అదే.

"నీ సెలవు ఎర్ర సిరాతో రాశావు. మా సెలవులు ఏ సిరాతో రాశావమ్మా?" అన్నాడు తోర్నీ. అందరూ గొల్లుమన్నారు.

గున్వోర్ సిగ్గుతో తల దించుకుంది. దించిన తల కింద వేట పటం కనిపించింది. గుట్ట మీద మాటులన్నీ నిండాయి. ఏటి పొదల దగ్గర అంతా ఖాళీ.

"ఇక్కడెవరు బాబాయ్?"

"అదే నా తలనొప్పి! మాటు వేసి నోరు మూసుకోవడానికి అందరూ తయారే. కేకలేసి దుప్పుల్ని పైకి తోలడానికి ఎవడూ రాడు."

"ఆ పొదల పక్కనేగా మా వంతెన! క్రేను కంటే గట్టిగా అరిచేవాడు మీ జట్టులో ఉన్నాడా?"

"మా బావమరిది ఉన్నాడు గానీ, వాడు తాగితేనే," అన్నాడు తోర్నీ ఆలోచిస్తూ.

"తోలినవాళ్ళకు మాంసంలో వాటా?" ఎబ్బే చెవులు నిక్కాయి.

"పూర్తి వాటా. ఎప్పుడూ అంతేగా."

"అయితే ఎక్కుతా!"

"కింద దూలం పట్టడానికి ముగ్గుర్నే ఇస్తా," అన్నాడు తోర్నీ. "నాలుగోవాడు నా వేటకుక్క వెంట ఉండాలి. వాడి బదులు దూలం పట్టేది నువ్వే, గున్వోర్."

ఎర్ర సిరా సెలవును గున్వోర్ తన చేత్తోనే కొట్టేసింది.

సోమవారం క్రేను గర్జించింది, సుత్తులు మోగాయి. అవసరం లేకపోయినా గున్వోర్ గొంతు చించుకుని అరిచింది. పదకొండింటికి దూలం కుదురుగా కూర్చుంది. గుట్ట మీద రెండుసార్లు తుపాకీ పేలింది.

క్రేను మీంచి ఎబ్బే కేకేశాడు: "గున్వోరక్కా, వచ్చే ఏడు వేటకి ఏం కడదాం?"