కొత్త డ్రైవ్ బిగించిన రోజు

పాత కంప్యూటర్ లోపల ఎవరో గోరుతో రేకును గీకుతున్నట్టు చప్పుడు వస్తోందని ముందుగా గమనించింది వాల్మై. ఫోటో తెరవబోతే గీకడం, కాసేపు మూగబోవడం, మళ్లీ గీకడం. బాగున్న రోజుల్లో అయితే ఆమె భర్త కీత్ ఆ చప్పుడు వినగానే తింటున్న పళ్లెం వదిలేసి వచ్చి మూత విప్పేసేవాడు. దక్షిణ ఆస్ట్రేలియాలోని పీటర్‌బరోలో రైల్వే సిగ్నళ్ల మరమ్మతు చూసుకున్న మనిషి. రిటైరయ్యాక కూడా వీధిలో ఎవరి కంప్యూటర్ మొరాయించినా మోసుకొచ్చేది అతని షెడ్డుకే. ఇప్పుడు ఆ షెడ్డు తాళం ఎటు తిప్పాలో కొన్ని రోజులు గుర్తుంటుంది, కొన్ని రోజులు ఉండదు. డాక్టరు జబ్బు పేరు చెప్పి, ఇక కారు నడపొద్దని అన్నప్పటి నుంచి అతను వంటగది కిటికీ పక్కన కుర్చీకి అతుక్కుపోయాడు.

ఆ కంప్యూటర్‌లోనే జనీన్ ఉంది. వాళ్ల ఒక్కగానొక్క కూతురు. పెద్దదై, ఉద్యోగంలో కుదురుకున్నాక హైవే మీద లారీ గుద్ది పోయింది. చిన్ననాటి ఆల్బమ్‌లకు చెదలు పట్టినప్పుడు కీత్ ఒక్కో ఫోటో స్కాన్ చేసి కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. ఆ తర్వాతవి ఎటూ కెమెరాలోంచి నేరుగా అందులోకే వెళ్లాయి. జనీన్ గరిటె పట్టుకుని శ్రుతి లేకుండా పాడుతూ, చివర్లో "ఆపు నాన్నా, తియ్యకు!" అని నవ్విన చిన్న వీడియో కూడా అక్కడే ఉంది. ఇవన్నీ ఉన్నది ఫోటోల కోసమే విడిగా పెట్టిన రెండో డ్రైవ్‌లో. గీకుతున్నది అదే.

"ఇంకో కాపీ తీసి పెడతాలే" అని కీత్ ఎన్నోసార్లు అన్నాడు. తీయలేదు.

పోర్ట్ పిరీ పట్నంలో కంప్యూటర్ దుకాణం అతను మంచివాడే. "డబ్బా మొత్తం తెచ్చేయండమ్మా. కొత్త డ్రైవ్ నేనే బిగించి, అన్నీ అందులోకి ఎక్కించి ఇస్తాను" అన్నాడు. వాల్మై సరే అనబోయింది. పక్కనే నిలబడ్డ కీత్ తన చేతుల వైపు చూసుకున్నాడు.

"అంటే ఇక ఇది కూడా నా వల్ల కాదన్నమాట" అన్నాడు మెల్లగా.

ఆమె డ్రైవ్ మాత్రం కొని బయటికి వచ్చేసింది.

ఆదివారం పొద్దున కీత్ స్వెటర్ గుండీలు ఒకదానికి బదులు ఒకటి పెట్టుకుని వచ్చాడు. ఆమె సరిచేయబోతే చేయి తోసేసి, కంప్యూటర్‌ను వంటగది బల్ల మీద పడుకోబెట్టాడు. మూత తీయగానే లోపలంతా ఎర్ర దుమ్ము. సైకిల్ పంపు తెచ్చి ఊదాడు.

"నువ్వు ఏదైనా ముట్టుకునే ముందు ఆ ఇనుప చట్రం మీద చెయ్యి పెట్టు వాల్."

"ఎందుకూ?"

"నీ ఉన్ని బట్టల్లో కరెంటు ఉంటుంది. అది దిగిపోవాలి. లేకపోతే ముట్టుకున్నదాన్నల్లా చంపేస్తావు."

"ఇన్నేళ్లుగా నిన్ను ముట్టుకుంటూనే ఉన్నాగా, చచ్చావా?"

కీత్ పడీపడీ నవ్వాడు. అలా నవ్వి ఎన్నాళ్లైందో ఆమెకు గుర్తు రాలేదు.

కొత్త డ్రైవ్‌ను ఖాళీ గూట్లోకి తోసి, రంధ్రాలు సరిగ్గా కలిసేలా వేలితో సర్దాడు. స్క్రూలన్నీ ముందు సగం సగం తిప్పి, ఆ తర్వాతే గట్టిగా బిగించాడు. ఎర్ర కేబుల్ ఒక చివర డ్రైవ్‌కి, రెండో చివర బోర్డుకి గుచ్చాడు. కరెంటు వైరు తిరగేసి పెట్టబోయి, "ఊహూ, నువ్వు ఇటు కదూ" అని దానితోనే మాట్లాడి సరిగ్గా పెట్టాడు. గుండీలు పెట్టుకోలేని వేళ్లు ఇవేనా అని వాల్మై చూస్తూ ఉండిపోయింది.

కంప్యూటర్ వెలిగింది. తెర మీద డ్రైవ్‌లు వరసగా కనిపించాయి. కొత్తదాన్ని వాడుకునే ముందు ఫార్మాట్ చేయాలి, అంటే అంతా తుడిచి సిద్ధం చేయాలి. కీత్ కళ్లద్దాలు పైకి నెట్టుకుని, రెండో వరస మీద బాణం పెట్టాడు. ఆ వరసలో ఏదో నిండి ఉన్నట్టు నీలం పట్టీ ఒకటి ఉంది. కింది వరస బోసిగా ఉంది.

"కీత్, కొత్తది అదేనంటావా?"

అతను వెనక్కి తిరిగాడు. ముఖంలో వెలుగు తగ్గడం ఆమెకు కనిపించింది.

"నువ్వు కూడానా, వాల్?"

"లేదులే, ఊరికే అడిగాను."

"వెళ్లి టీ పెట్టు. నా పని నాకు తెలుసు."

ఉన్నదంతా చెరిగిపోతుందని తెర హెచ్చరించింది. "కొత్తదాంట్లో ఏముందని చెరగడానికి!" అని కీత్ నవ్వి, సరే నొక్కాడు. పైపైన చేసే తొందర ఫార్మాట్ వద్దని దాని పక్కనున్న టిక్కు తీసేశాడు. "దుకాణాల్లో కుర్రాళ్లు అలా చేస్తారు. నేను మొత్తం చేయిస్తా. ఎక్కడ లోపం ఉన్నా బయటపడుతుంది. ఆలస్యమైతే అయింది."

చాలా ఆలస్యమే అయింది. ఆ లోపు ఇద్దరూ మాంసం కూరిన పాస్టీలు వేడిచేసుకుని టమాటా సాస్‌తో తిన్నారు. రేడియోలో ఫుట్‌బాల్ వస్తోంది. కీత్ జనీన్ గురించి మొదలుపెట్టాడు. మామూలుగా అయితే "జనీన్ ఎప్పుడొస్తుంది?" అని అడుగుతాడు. ఆ రోజు అడగలేదు. బీడులో ఆమెకు కారు నేర్పినప్పుడు బ్రేకు అనుకుని ఇంకేదో తొక్కి నీళ్ల ట్యాంకును గుద్దేసిన సంగతి చెప్పాడు.

"ట్యాంకు నీళ్లన్నీ మా ఇద్దరి మీదే. 'నాన్నా, అమ్మకి వానొచ్చిందని చెబుదామా' అంది!"

"నేను నమ్మలేదుగా. ఆకాశంలో మబ్బు తునకైనా లేదు."

"ఎంత మంచి పిల్ల" అన్నాడు కీత్. "పోయింది పాపం."

పోయిందని తనంతట తాను అన్నాడు. వాల్మై అతని చెయ్యి పట్టుకుంది. తన మనిషి ఒక్క పూటకైనా తిరిగొచ్చాడనిపించింది. వెనక కంప్యూటర్ గీకుతూనే ఉంది. కొత్తది పని చేస్తోందనుకున్నారు ఇద్దరూ.

ఎండ వాలే వేళకు ఫార్మాట్ పూర్తయింది. కీత్ కాపీ చేద్దామని ఫోటోల డ్రైవ్ తెరిచాడు. తెల్లటి ఖాళీ. మూసి మళ్లీ తెరిచాడు.

"ఇదేంటి? ఫోటోలేవీ?"

వాల్మైకి నీలం పట్టీ గుర్తొచ్చింది. కీత్ ఒక్కో వరసా వేలితో చూపిస్తూ తనలో తాను చదువుకున్నాడు. బోసి వరస దగ్గర వేలు ఆగిపోయింది. కొత్తదానికి బదులు ఫోటోల డ్రైవ్‌నే చెరిపేశానని అతనికి పూర్తిగా అర్థమైంది. ఆ పూట బుర్ర అంత బాగా పని చేయకపోయినా బాగుండేది.

"నువ్వు అడిగావు" అన్నాడు. "నువ్వు అడిగావు కదా, వాల్."

"గట్టిగా అడగలేదు."

అతను బల్ల మీద తల పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె అతని వీపు మీద చెయ్యేసి కూర్చుంది.

మర్నాడు ఆమె ఒక్కతే పాత డ్రైవ్‌ను తువ్వాలులో చుట్టి పోర్ట్ పిరీ వెళ్లింది. దుకాణం అతను చాలాసేపు ప్రయత్నించాడు. లోపలి గదిలోంచి తిరిగొచ్చినప్పుడు ఆమె కళ్లలోకి చూడలేదు.

"పైపైన చెరిపి ఉంటే ఎంతో కొంత లాగేవాణ్ని. ఇది అంగుళం వదలకుండా తిరగరాశారమ్మా. ఎవరు చేశారో గానీ, శ్రద్ధగా చేశారు."

"అవును, శ్రద్ధగానే చేశాడు" అంది వాల్మై.

ఇంటికొచ్చేసరికి కీత్ కిటికీ పక్కనే ఉన్నాడు. నిన్నటి సంగతి ఒక్కటీ మిగల్లేదు. "ఆ జనీన్ ఫోటోలు పెట్టవా, చూద్దాం" అన్నాడు. ఆమె నిజం చెప్పింది. కీత్ మళ్లీ మొదటిసారి విన్నట్టే కుప్పకూలాడు. రెండు రోజుల తర్వాత మళ్లీ అడిగాడు. ఈసారి ఆమె, కంప్యూటర్ పాడైందని చెప్పింది.

"అయితే ఇలా తీసుకురా, నేను చూస్తా."

"రేపు చూద్దువులే, కీత్."

ఆ తర్వాత రోజూ అదే మాట. ఇప్పుడు ఆ దుఃఖం ఆమె ఒక్కదానిదే.

అడిలైడ్‌లో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి, జనీన్ ఫోటో ఏదైనా ఉందా అని అడిగింది. వారం తర్వాత కవరు వచ్చింది. ఎవరిదో పెళ్లిలో తీసిన గుంపు ఫోటో. చివరి వరసలో ఒకావిడ టోపీ వెనక జనీన్ ముఖం సగం కనిపిస్తోంది. ఒక కన్ను, ఒక చెంప. నవ్వుతోందో లేదో తెలియడం లేదు. వాల్మై దాన్ని వెలుగులోకి తిప్పి చాలాసేపు చూసింది. తర్వాత కీత్‌కి చూపించింది.

"ఎవరే ఈ టోపీ ఆవిడ?" అన్నాడు కీత్.