దలాత్‌లో జంట తుమ్ము

నేను ఒక పోపుల డబ్బాని. ఇత్తడిదాన్ని, ఏడుగురు పిల్లల తల్లిని. ఆవాలు, జీలకర్ర, మెంతులు, మినప్పప్పు, శనగపప్పు, ఎండుమిరపకాయలు, మిరియాలపొడి. ఒక్కో గిన్నెలో ఒక్కొక్కరు. రోజుకి నాలుగుసార్లయినా వాళ్ళని లెక్కపెట్టుకుంటాను. నాకు చదువు లేదు. నా మూత మీద చెక్కిన పేరు కూడా నేను చదవలేను. అయితే ఏడు దాకా లెక్కొచ్చు. నా సంసారానికి అది చాలు.

నన్ను చేసింది గోదావరి వైపు అజ్జరంలో వీర్రాజు అనే కంచరి. మూత బిగుతుగా కూర్చోవాలని పొద్దుటినుంచి దాన్ని అరగదీస్తూనే ఉన్నాడు. సాయంత్రానికి ఆకలేసి, "చాల్లే, ఊడిపోదులే" అని వదిలేశాడు. ఆ వెంట్రుకవాసి వదులు నా బతుకంతా నాకు బెంగే. మూత ఊడితే పిల్లలేమైపోతారు?

మొదట తణుకులో భోజనాల హోటలు నడిపే రత్తమ్మగారి పొయ్యి పక్కన ఇరవయ్యేళ్ళు ఉన్నాను. తర్వాత స్టీలు డబ్బాలు వచ్చాయి. ఆవిడ కూతురు నా పిల్లల్ని ఖాళీ చేసి గుండీలు, హుక్కులు, సూదులు పోసింది. నేను అన్నం వండే ఇంట్లోనే ఉండి అన్నం వాసనకి దూరమైపోయాను. మనుషులకి అదొక వేడుక. దేనికోసం పుట్టామో అది తప్ప మిగతావన్నీ మనచేత చేయిస్తారు.

రత్తమ్మగారి మనవరాలు సుభాషిణి సంగతీ అంతే. నవ్వించడానికి పుట్టిన మనిషి, రాజమండ్రిలో ఒక ఆసుపత్రి ల్యాబులో పదేళ్ళుగా జనం చేతులకి సూదులు గుచ్చుతోంది. ఒకరోజు ఉన్నట్టుండి ఆరు నెలలు సెలవు పెట్టి, మేనమామ కూతురు మంజరితో కలిసి వీపున సంచులు తగిలించుకుని దేశాలు చూడ్డానికి బయల్దేరింది. గుండీలు వంపేసి, నన్ను తోమి, నా పిల్లల్ని నాకిచ్చి, సంచిలో అన్నిటికంటే అడుగున పెట్టింది.

మంజరి మొత్తుకుంది. "వదినా, జనం రెండు చొక్కాలు పట్టుకుని ప్రపంచం తిరుగుతారు. నువ్వు వంటిల్లు మోసుకొస్తన్నావు!"

"మోసేది నేను, మింగేది నువ్వు. నోరుమూసుకుని నడవ్వే."

విమానాశ్రయంలో ఒక అధికారి నా మూత తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, నాకు దణ్ణం పెట్టినంత పని చేసి వెంటనే మూసేశాడు. అలా థాయిలాండు, కంబోడియా దాటి వియత్నాంలో దలాత్ అనే చలికొండ ఊరికి చేరాం. అక్కడ హాస్టల్ నడిపే ఆవిడ పేరు లియెన్. అందరూ "కో లియెన్" అంటారు. కో అంటే వాళ్ళ భాషలో మేనత్తట. అంతే, మావాళ్ళు మర్నాటినుంచి ఆవిణ్ణి "అత్తయ్యా" అనడం మొదలెట్టారు. మంజరికి అక్కడి మాటలు రెండే వచ్చు. ఒకటి కాఫీ. రెండోది "హాయ్", అంటే రెండు. "మన హాయి ఇక్కడ రెండంట వదినా!" అని నవ్వుకుంటూ రోజూ "కాఫీ, హాయ్" అని అడిగి తెచ్చేది.

మూడు రోజులుందామని వచ్చి రెండు వారాలున్నారు. కారణం తుమ్ము.

సెలవు అయిపోవచ్చింది. శుక్రవారం మధ్యాహ్నంలోగా వస్తున్నదీ లేనిదీ చెప్పమని, లేకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తామని ల్యాబువాళ్ళు కబురుపెట్టారు. అనుకున్నదేమిటంటే, హాస్టల్ వ్యాన్‌లో ఇద్దరూ పెద్ద ఊరికి వెళ్ళాలి. అక్కణ్ణుంచి సుభాషిణి ఇంటికి, మంజరి ఒక్కతీ లావోస్‌కి. ఆ వ్యాను వారానికి రెండుసార్లే వస్తుంది. వచ్చే రోజు పొద్దున్నే సుభాషిణి దారికి పులిహోర కలిపేది. వ్యాను హారన్ మోగేది. సంచులు వీపుకెక్కేవి. సరిగ్గా గడప దగ్గర అత్తయ్య "హాఛ్" మనేది.

ఒంటి తుమ్ము! ఇద్దరూ చతికిలబడి మంచినీళ్ళు తాగేవాళ్ళు. ఆ గ్లాసు అయ్యేలోగా వ్యాను వెళ్ళిపోయేది. ఒక తుమ్మయితే ఆగాలి, రెండయితే శుభమని అత్తయ్యకి వేళ్ళు చూపించి మరీ నేర్పారు. పాపం, ఆవిడ ప్రతిసారీ రెండోదానికోసం ముక్కు ఎగబీల్చి ఎంతో ప్రయత్నించేది. వచ్చేది కాదు.

అలా మూడుసార్లు అయింది. నాలుగోది ఆ శుక్రవారమే. ఆదివారంతో వీసా కూడా ఆఖరు. సుభాషిణి పొయ్యి ముందు నిలబడి నా మిరపకాయల గిన్నె ఎత్తింది. వెనకనుంచి మంజరి వచ్చి మూకుట్లోకి తొంగిచూసింది.

"వదినా, పులిహోరలోకి మిరపకాయ ఎర్రగా వేగితే చాలు. ఇదేంటి, బొగ్గయిపోయింది?"

"మంట ఎక్కువైందే."

"నాలుగుసార్లూనా? ఆ కిటికీ ఎందుకు మూశావ్? అత్తయ్య గది తలుపు ఎందుకు తీశావ్?"

సుభాషిణి గరిటె తిప్పుతూనే ఉంది. పొగ గిర్రున తిరుగుతోంది.

"ఓసినీ! తుమ్ము నువ్వు తెప్పిస్తన్నావా!"

"అరవకే బాబూ. ఇంటికెళ్ళాలని లేదు నాకు. ఎల్లనని చెప్దామంటే నోరు రావట్లేదు. తుమ్మిందనుకో, తప్పు నాది కాదు కదా?"

"ఎంత దొంగవే వదినా! నేనేమో ఒక్కదాన్నే ఎల్లాలని గుండె దడదడలాడి, తుమ్మినప్పుడల్లా లోపల్లోపల డాన్సు చేస్తన్నా!"

ఒకరి మొహం ఒకరు చూసుకుని పకపకా నవ్వారు. ఇంతలో బయట హారన్. "అయితే ఇప్పుడేం చేద్దాం?" అని ఒకర్తి, "పొయ్యి కట్టెయ్యి ముందు!" అని ఇంకొకర్తి. నన్ను సంచిలో పెట్టాలని ఒకరు, ఇక్కడే ఉంచాలని ఒకరు. చెరో వైపూ పట్టుకుని లాగారు. వీర్రాజు ఆకలి ఇన్నేళ్ళకి పని చేసింది. మూత ఎగిరిపోయింది. అయ్యో నా పిల్లలు! ఆరుగురు తమ చోట కదలకుండా ఉన్నారు. మిరియాలపొడి మాత్రం పొర్లి గాల్లోకి లేచింది.

"హాఛ్!"

ఇద్దరూ ఒక్కసారే.

"ఒకటి," అంది సుభాషిణి, మొహం తెల్లబోయి. "ఆగాలే."

"ఇద్దరం తుమ్మితే ఒకటెలా అవుద్ది? రెండు!"

"శబ్దం ఒక్కటేగా వచ్చింది!"

"ముక్కులు రెండు కదా!"

ఈ విషయం మీద పెద్దలెవరూ ఏమీ చెప్పి పోలేదు. హారన్ మళ్ళీ మోగింది. పొగకి కళ్ళు తుడుచుకుంటూ అత్తయ్య వంటింట్లోకి వచ్చింది. ఇద్దరూ ఆవిడ వైపు తిరిగి తమ ముక్కులు చూపించి, వేళ్ళు ఆడించి అడిగారు. ఆవిడ మంజరిని చూసింది, సుభాషిణిని చూసింది. తీర్పు చెప్పే పెద్దమనిషిలా రెండు వేళ్ళు పక్కపక్కనే నిలబెట్టింది.

"హాయ్."

మంజరి ఎగిరి గంతేసింది. "విన్నావా? జంట తుమ్ము! జంటగా ఎల్లమని!"

సుభాషిణి అక్కడే నిలబడి ల్యాబుకి ఫోన్ చేసింది. "నమస్కారమండీ... లేదండి, రావట్లేదండి. ఆయ్, ఆలోచించుకునే చెప్తున్నాను. తుమ్ము కూడా మంచిదే వచ్చిందండి." అవతల వాళ్ళకి ఏమర్థమైందో నాకు తెలియదు. పెట్టేశాక మాత్రం ఆ పిల్ల మొహం ఇప్పుడే తోమిన ఇత్తడిలా ఉంది.

నేను బరువని నన్ను అత్తయ్య చేతుల్లో పెట్టారు. మిరపకాయల గిన్నె ఒక్కటీ తీసి సంచిలో వేసుకున్నారు. వ్యాను వంపు తిరిగేదాకా మంజరి కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి రెండు వేళ్ళూ ఊపుతూనే ఉంది.

ఇప్పుడు ఆ ఖాళీలో అత్తయ్య అనాసపువ్వు పోసింది. మంచి పిల్లే, గొడవ చెయ్యదు. అయినా లెక్కపెట్టినప్పుడల్లా ఏడు దాకా వచ్చి మళ్ళీ మొదటినుంచి లెక్కపెడతాను. నా మిరపకాయ పిల్ల లావోస్‌లో ఏ వంటింట్లో ఎవరికి పొలమారిస్తోందోనని బెంగ. పొలమారిస్తోందిలే అని మురిపెం కూడాను.

ఇక్కడ వచ్చేవాళ్ళు వస్తున్నారు, పోయేవాళ్ళు పోతున్నారు. అయితే ఈ మధ్య ఒకటి గమనించాను. నచ్చినవాళ్ళు సంచులు తగిలించుకుని గడప దగ్గరికి రాగానే, అత్తయ్య నన్ను ఎత్తి వాళ్ళ పక్కన బల్ల మీద పెడుతుంది. మూత, వెంట్రుకవాసి, పక్కకి జరుపుతుంది.