తలారి హనుమండ్లు

ఉరిశిక్ష వద్దని సినిమా తీస్తున్న నేను ఆ రోజు సాయంత్రం ఐదులోపు ఒక మనిషిని ఉరితీసి తీరాలి. ఐదు దాటితే పెద్దపల్లి రైస్‌మిల్లు యజమాని మేం జైలు సెట్టు వేసుకున్న తన గోదాం తాను తీసుకుంటాడు, మర్నాడు అందులో వడ్ల బస్తాలు దిగుతాయి. ఉరి సీను లేకపోతే నా సినిమాకు ముగింపే లేదు.

ఖైదీ వేషం ఫిలిప్‌ది. ఊళ్లో కరెంటు పని చేస్తాడు. బక్కపలచని మనిషి, పదకొండేళ్లు ఒంటరి జైలు గదిలో చావు కోసం ఎదురుచూసినవాడంటే నమ్మేలా ఉంటాడు. తలారి వేషం హనుమండ్లుది. జమ్మికుంట మార్కెట్‌లో పత్తి బస్తాలు మోసే హమాలీ. మీసం చూసి తీసుకున్నాను. మీసం వెనక ఏముందో చూడకపోవడం నా బుద్ధితక్కువ.

అసలు తప్పు వేరే చేశాను. ఆఖరి భోజనం సీను సహజంగా ఉండాలని ఫిలిప్ ఇంటి నుంచే అన్నం తెప్పించాను. అతని భార్య దెబోరా కోడికూర పంపింది. కెమెరా తిరుగుతుంటే ఫిలిప్ అలవాటుకొద్దీ కళ్లు మూసుకున్నాడు. వాళ్లింట్లో అన్నం ముందు ప్రార్థన అంటే పక్కనున్నవాళ్ల పేర్లన్నీ రావలసిందేనట!

"ప్రభువా, గీ హనుమండ్లన్న మోకాళ్ల నొప్పి తక్కువ చెయ్యి. దుబాయిల ఉన్న ఆయన అల్లున్ని సల్లగ సూడు. ఆమెన్. రా అన్నా, తిందాం."

హనుమండ్లు టోపీ పక్కన పెట్టి కూర్చున్నాడు. నేను కట్ చెప్పేలోపు ఇద్దరూ కలిసి గిన్నె ఖాళీ చేశారు.

నాలుగున్నరకు ఫిలిప్‌ను చెక్క వేదిక ఎక్కించి, చేతులు కట్టి, నల్ల ముసుగు వేశాం. ఒంటి బరువు మెడ మీద పడకుండా చొక్కా లోపల నడుముకు బెల్టు, కింద పరుపులు. యాక్షన్ అన్నాను. హనుమండ్లు ఫిలిప్ కాళ్ల కింది పలక తెరిచే హ్యాండిల్ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"గుంజు అన్నా!"

"నాతోని కాదు సారూ."

"కింద పరుపులున్నయి గదనే!"

"నాకెరుకే. నా చేతికి ఎరుక లేదు. నా నొప్పి తగ్గాలని మొక్కినోడు సారూ! గిది తప్పని చెప్పెతందుకే గదా నువ్వు సిన్మ తీస్తున్నవ్? గంత అల్కటి పనైతే నువ్వే గుంజు."

నాకు కోపం నషాళానికంటింది. అతన్ని పక్కకు జరిపి హ్యాండిల్ పట్టుకున్నాను. స్క్రిప్టులో 'తలారి హ్యాండిల్ లాగును' అని ఒక్క ముక్కలో రాసి పారేసింది నేనే. చేయి కదలలేదు. సిగ్గేసింది, ఆ తర్వాత భయమూ వేసింది.

ముసుగులోంచి ఫిలిప్ గొంతు వినిపించింది.

"సారూ, మీ ఇద్దరికి గింత పరేషానుంటే నేనే దుంకుత తియ్యుండ్రి."

వెళ్లి ముసుగు తీశాను. ముఖమంతా చెమట.

"అయిపోయిందా సారూ?"

"కాలే. ఇగ కాదు" అని కట్లు విప్పాను.

కెమెరా ఆపడం అందరం మరిచిపోయాం, అదంతా రికార్డయింది. నా సినిమా అక్కడే ముగుస్తుంది.