రెండు వందల పన్నెండో పేజీ

టైపమ్మ కీబోర్డును బోర్లించి, పొలమారిన పిల్లకు వీపు తట్టినట్టు రెండు దెబ్బలు వేసింది. బిస్కెట్ పొడి, ఒక స్టేపుల్ పిన్ను, రెండు తెల్ల వెంట్రుకలు రాలాయి. వెంట్రుకలు తనవే. వాటిని చేత్తో తుడిచేసి, కుర్చీలో మడతపెట్టిన తువ్వాలు సర్దుకుని, మెడలో తాడుకు వేలాడుతున్న కళ్ళజోడు ఎక్కించి కూర్చుంది. జిరాక్స్ షాపు వెనక గది అది. కిటికీ లేదు. ముందు గదిలో మిషను ఆడినప్పుడల్లా గోడ మీది కేలండర్ అదురుతుంది. ఆ అదురుకు అలవాటుపడి ఇరవై ఆరేళ్ళయింది.

ఊళ్ళో రాసేవాళ్ళందరూ రాతప్రతులు పట్టుకుని ఆ గదికే వస్తారు. ఎంత కోడిగీతల దస్తూరీ అయినా ఆవిడ చదవగలదని పేరు. సాహిత్యం గురించి ఆవిడకు తెలిసిందల్లా వేళ్ళ ద్వారా తెలిసిందే. కవిత్వమంటే ఎంటర్ కీ నొక్కీ నొక్కీ చిటికెన వేలు నొప్పెట్టేది. నాటకమంటే ప్రతి మాటకూ ముందు ఒక పేరు, పేరు పక్కన రెండు చుక్కలు. కథ అంటే టీ చల్లారేలోపు ఎవరో ఒకరు ఏడ్చేది. విమర్శ అంటే పక్కవాడు రాసింది కొటేషన్ గుర్తుల్లో పెట్టి, దాని కింద తన గొప్ప చెప్పుకునేది. నవల అంటే నడుము నొప్పి. ఇంతకంటే మంచి నిర్వచనాలు రచయితలు చెబుతుంటే విని ఊరుకునేది. పొట్టకూటి పనిలో వాదనలెందుకని ఆవిడ ఉద్దేశం.

ఆ ఉదయం లెక్చరర్ వచ్చాడు. కాలేజీ పిల్లల పాఠ్యపుస్తకం రాస్తున్నాడు. మొదటి పాఠం తెచ్చాడు: సాహిత్యం, దాని స్వరూపం, ప్రధాన ప్రక్రియలు.

"రేపు కమిటీ ముందు పెట్టాలమ్మా. ఇక్కడే కూర్చుంటాను. నా రాత ఒక్కోసారి నాకే అర్థం కాదు."

"కూర్చోండి. ఆ స్టూలు ఒక కాలు పొట్టిది, చూసుకోండి."

కవిత్వం రెండు పేజీల్లో అయిపోయింది. నాటకం పేజీన్నర. కథకు ఆయన పెట్టిన మూడు లక్షణాలు, నవలకు పెట్టిన అయిదూ టైపు చేసింది. తర్వాత 'ఉత్తమ వచనానికి ఉదాహరణ' అని శీర్షిక. దాని కింద ఒక పేరా.

'తలగడ గలీబు ఉతికాడు. ఉతికాక గానీ తెలియలేదు, అమ్మ తలనూనె వాసన ఆ ఇంట్లో మిగిలింది ఆ గుడ్డలోనేనని. ఇప్పుడది బకెట్లో మురికినీళ్ళలో ఉంది. నీళ్ళు పారబోయడానికి చేతులు రాలేదు. పొద్దుగూకేదాకా బకెట్టు పక్కనే నిలబడ్డాడు.'

కింద, ఊళ్ళో అందరూ పెద్దాయన అని పిలిచే రచయిత పేరు, నవల పేరు. టైపమ్మ వేళ్ళు ఆగిపోయాయి. ఆ బకెట్టు ఆవిడది. ఆ నీళ్ళూ, ఆ అమ్మా ఆవిడవే.

రెండేళ్ళ కిందటి మాట. పెద్దాయన నవల టైపు చేస్తూంటే రెండు వందల పదకొండో పేజీ తర్వాత రెండు వందల పదమూడు వచ్చింది. మధ్య కాగితం లేదు. కొడుకు తల్లి అంత్యక్రియలు చేసి ఇంటికొస్తాడు, ఆ తర్వాతి పేజీలో ఇంటికి తాళం వేసి వెళ్ళిపోతూ ఉంటాడు. ఇంట్లో ఏం చేశాడో లేదు. ఫోన్ చేస్తే పెద్దాయన ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడన్నారు. పబ్లిషరు ఆ సాయంత్రమే అచ్చుకు పంపాలి. "ఏదో నాలుగు ముక్కలు వేసి అతికించమ్మా, ఎవడు చూడొచ్చాడు" అన్నాడు. అప్పటికి ఆవిడ తల్లి పోయి నాలుగు నెలలు. ఆ తల్లి కోసమే పదో తరగతితో చదువు ఆపింది, పెళ్ళి వద్దంది, పదకొండేళ్ళు మంచం పక్కన నేల మీద పడుకుంది. పక్కన ఏ కాగితమూ లేకుండా ఆవిడ టైపు చేసింది బతుకులో ఆ అరగంటే.

పుస్తకం వచ్చింది. ఆవిష్కరణ సభలో వక్తలు ఒకరి తర్వాత ఒకరు ఆ పేరానే చదివారు. ఆవిడ ఆఖరి వరసలో కూర్చుని వింది. పెద్దాయన కోలుకుని ఇంటికొచ్చాడని తెలిసినప్పటి నుంచి ఎదురుచూసింది. తన నవలలో తను రాయనిది ఏదో ఆయనకు తెలియదా? సభలో చెప్పక్కర్లేదు, పేపర్లో వేయించక్కర్లేదు. పిలిచి, 'ఇది నువ్వు రాసిందేనా' అని ఒక్క మాట అంటే చాలు. ఆ ఒక్క మాట కోసం రెండేళ్ళు, మింగలేక కక్కలేక గడిపింది.

"ఏమ్మా, ఆగిపోయావు?" అన్నాడు లెక్చరర్.

"ఈ పేరా పెద్దాయన రాసింది కాదండి. ఒక కాగితం పోతే నేను వేశాను."

లెక్చరర్ నవ్వాడు. మంచివాడే, నవ్వు కూడా మంచిగానే నవ్వాడు.

"టైపు చేసింది నువ్వేగా. చేతుల్లోంచి వెళ్ళిందంతా మనదే అనిపిస్తుంది. నాకు తెలిసిన ప్రూఫ్ రీడరు ఒకాయన కూడా ఇలాగే అనేవాడు."

"మా అమ్మ గలీబు అది."

"అదే మరి గొప్ప. చదివిన ప్రతివాడికీ మా అమ్మదే అనిపిస్తుంది. నలభై ఏళ్ళు సాధన చేస్తే గానీ అలాంటి బకెట్టు దొరకదమ్మా. తర్వాతి పేజీలో అదే రాశాను, చూడు."

"రాతప్రతిలో ఆ పేజీ ఉండదు. చూసుకోండి."

"ఎల్లుండి మ్యూజియానికి ఇస్తున్నారుగా, అందరం చూస్తాం."

తర్వాతి పేజీలో నిజంగానే ఉంది. రచయిత అనుభవమే సాహిత్యానికి మూలమనీ, అనుభవం లేని రాత ఉత్త అక్షరాల పోగనీ. అక్షరం పొల్లు పోకుండా టైపు చేసింది. పేరా కింద పెద్దాయన పేరు కాస్త నల్లగా పడేలా కూడా చేసింది, లెక్చరర్ అడిగాడు కనక. సొమ్మొకడిది సోకొకడిది.

మధ్యాహ్నం తలనొప్పని చెప్పి షాపులోంచి బయటపడింది. ఎల్లుండి రాతప్రతి కట్ట మ్యూజియం అద్దాల పెట్టెలోకి వెళ్ళేలోపు ఆ ఖాళీ ఒకసారి కళ్ళారా చూసుకోవాలి. పెద్దాయన్ను ఆ ఒక్క మాటా అడగాలి. ఇన్నాళ్ళూ అడగనందుకు తనను తాను తిట్టుకుంటూ నడిచింది.

పెద్దాయన కోడలు తలుపు తీసింది.

"రండక్కా. మామయ్యగారు పడుకున్నారు. పొద్దున రెండు చెంచాల పాలు తాగారంతే. లేపబుద్ధి కాలేదు."

"ఒక్క మాట అడిగి వెళ్ళిపోతాను."

"లేచారేమో చూసొస్తాను. ఈలోపు ఈ కట్ట కాస్త చూసిపెట్టండి, మ్యూజియానికి ఇచ్చేది. వరస తప్పిందేమోనని నాకు భయం."

టైపమ్మ తాడు విప్పింది. కాగితాలన్నీ అంచులు పండి పసుపు రంగుకు తిరిగాయి. రెండు వందల తొమ్మిది, పది, పదకొండు. తర్వాత పన్నెండు.

తెల్లటి కాగితం. వణికిన అక్షరాలు, కానీ ఆయనవే. మాటలు మాత్రం ఆవిడవి, మొదటి నుంచి చివరి దాకా. ఒకచోట 'దుప్పటి' అని రాసి, కొట్టేసి, పైన 'తలగడ గలీబు' అని రాశాడు. ఇంకోచోట 'కన్నీళ్ళు' కొట్టేసి 'మురికినీళ్ళు'. ఆలోచించి, తృప్తిపడక, మంచి మాట వెతుక్కున్నట్టు. ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. అమ్మ పోయిన రోజు కూడా ఇంత ఒంటరిగా అనిపించలేదు.

"ఆ పేజీయేనా అక్కా? అది తిరగరాయడానికి నెల పట్టింది. ఎందుకు మామయ్యా ఈ అవస్థ అంటే, మధ్యలో ఖాళీ ఉంటే బాగుండదమ్మా అన్నారు" అంటూనే కోడలు లోపలికి వెళ్ళింది. రెండు క్షణాల్లో గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. "అక్కా, ఒకసారి ఇలా రండి."

టైపమ్మ వెళ్ళి ఆయన పాదం ముట్టుకుంది. చల్లగా ఉంది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, తల అడ్డంగా ఊపింది. కోడలు భర్తకు ఫోన్ చేయడానికి వసారాలోకి పరిగెత్తింది. ఇక ఆ మాట చెప్పేవాళ్ళు లేరు.

కాగితం ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది. మడిచి సంచిలో వేసుకుంటే అడిగేవాళ్ళూ లేరు. కానీ ఖాళీకి నోరుంటుందా? లెక్చరర్ ఆ ఖాళీ మీద కూడా ఒక వ్యాసం రాస్తాడు, అదీ తనే టైపు చేయాలి. ఆయన పక్కనున్న బల్ల మీద ఏముందో చూసింది, చూసి ముట్టుకోలేదు. హాల్లోకి వచ్చి పదకొండుకూ పదమూడుకూ మధ్య ఆ కాగితం పెట్టి, అంచులు సమంగా తట్టి, తాడు బిగించి ముడి వేసింది. చెప్పులేసుకుని బయటికి నడిచింది.

లోపల బల్ల మీద, మందుసీసా కింద, పుస్తకంలోంచి బ్లేడుతో కోసిన ఆ అచ్చు పేజీ ఉండిపోయింది. చూసి ఎక్కించడం అయిపోయిన గుర్తుకు ప్రతి వరస చివరా పెన్సిలుతో ఒక చిన్న టిక్కు ఉంది.