నా బంతికి వాడి కళ్ళు

నా బంతి మలుపు గురించి మీరు విని ఉండరు. చెయ్యి వదిలాక అది కుడి అంచు దాకా వెళ్ళి, అక్కడ కాసేపు దమ్ము తీసుకుని, అప్పుడు ఎడమకి తిరిగి ఆ చివర నిలబెట్టిన పది పిన్నుల్ని పలకరించేది. ఆ మలుపు నేర్చుకుందామని బస్సు డ్రైవర్లు బళ్ళు బయట ఆపి మరీ బౌలింగ్ హాల్లోకి వచ్చేవాళ్ళు. అబద్ధమైతే నా వెల్డింగ్ రాడ్డు మీద ఒట్టు.

ఇందులో రహస్యమేం లేదు. బంతి కన్నాల్లోంచి బొటనవేలు ముందు బయటికి రావాలి, మిగతా రెండు వేళ్ళూ ఆఖర్న బంతిని తిప్పాలి. బంతి దొర్లే చెక్క దారి, అదే లేన్, దాని మీద నూనె పూస్తారు కదా, నూనె ఉన్నంతసేపూ బంతి జారుతుంది, పొడి చెక్క తగలగానే తిరుగుతుంది. ఆడేకొద్దీ నూనె అరిగి, బంతి దారి మారిపోతూ ఉంటుంది. అది ఎటు తప్పితే మన కాళ్ళు అటు జరపాలి. అంతే.

చిక్కల్లా ఎటు తప్పిందో నాకు కనపడకపోవడమే. వెల్డింగ్ చేసి చేసి అరిగిన కళ్ళు. పిన్నులున్న చోట నాకు తెల్లటి మసక. అద్దాలు పెట్టుకోమని మా ఆవిడ పోరేది. ముక్కు బరువెక్కితే చెయ్యి వంకర పోతుందని నేను. అయినా అద్దాలెందుకు? మా ఆవిడ తమ్ముడు ఉన్నాడు కదా. నా వెనక నిలబడి "ఎడమకి పోయింది బావా" అంటే ఎడమకి జరిగేవాణ్ణి, "కుడికి" అంటే కుడికి. వర్క్‌షాపులో వాడి చేత మొదటి అతుకు వేయించింది నేనే.

ఆ వర్క్‌షాపు జట్టులోనే ఒక చోటు ఖాళీ అయింది. ఆ జట్టు నీలం చొక్కా కోసం ఎన్నాళ్ళుగానో కాచుక్కూచున్నాను. పోటీలో చివరికి మిగిలింది మేమిద్దరమే. వాడి ఆట అయిపోయింది. నా ఆట మొదలైంది. కళ్ళు మాత్రం ఎప్పట్లాగే వాడివి.

"కుడికి పోయింది బావా."

జరిగాను.

"ఇంకా కుడికే."

ఇంకా జరిగాను. ఈసారి బంతి లేన్ పక్క కాలవలో పడ్డ చప్పుడు.

బూట్లు అద్దెకిచ్చే పెద్దమ్మ కౌంటర్లోంచి పకపకా నవ్వింది. "ఏంటయ్యా వెల్డరూ, బంతి ఎడమకి పోతుంటే నువ్వు కుడికి జరుగుతావేంటి? పిన్నుల మీద జాలా?"

చేతిలో బంతి బండరాయైపోయింది. వెనక్కి తిరిగాను. వాడు గోళ్ళు చూసుకుంటున్నాడు. అడిగేద్దామనుకున్నాను, కానీ ఏదో ఒకటి చెబుతాడు, అదీ నమ్మేస్తానేమోనని భయం.

సరే, నీ అబద్ధంతోనే ఆడతాను అనుకున్నాను. వాడు కుడి అంటే ఎడమకి, ఎడమ అంటే కుడికి. ఇక చూడాలి! నన్ను చూడగానే పిన్నులు పడుకునేవి. రెండు పిన్నులైతే బంతి రాకముందే పడిపోయాయి, పరువు దక్కించుకుందామని.

ఆఖరి బంతి మిగిలింది. అన్నీ పడితే చొక్కా నాది. కానీ అంతకుముందు బంతికి చప్పుడు తేడాగా వచ్చింది, ఎటో తప్పింది.

"ఎటు పోయిందిరా?"

వాడు నా కాళ్ళ వంక చూశాడు. "ఎడమకి బావా. అక్క మీద ఒట్టు."

అంటే కుడికన్నమాట. కుడికి జరిగి వదిలాను. బంతి కాలవలో గడగడమంటూ పోయింది.

"అయ్యో, ఎడమకే అన్నాడు కదయ్యా!" అంది పెద్దమ్మ. "నిజమే చెప్పాడు కదా!"

నిజమే చెప్పాడు. నేను తిరగేస్తానని కనిపెట్టి మరీ చెప్పాడు. అబద్ధాలాడినప్పుడు కూడా నాకు అంత నొప్పి పుట్టలేదు.

ఇప్పుడు అద్దాలు పెట్టుకుంటున్నాను. ముక్కుకేం కాలేదు. మొన్న హాలుకి వెళ్తే నీలం చొక్కాలో వాడు, బంతి మీద బంతి తప్పుతున్నాడు. నన్ను చూసి దగ్గరికొచ్చాడు.

"బావా, వదిలేటప్పుడు నా మణికట్టు నాకు కనపడి చావదు. కాస్త చూసి చెప్పవా?"

చూశాను. "మరీ లోపలికి తిప్పేస్తున్నావురా. కాస్త బయటికి తెరువు."

ఉన్నదే చెప్పాను.

వాడు బంతి పొట్టకి ఆనించుకుని నా మొహంలోకి చూశాడు. వెనకనుంచి జట్టువాళ్ళు "వెయ్యవయ్యా బాబూ!" అని అరుస్తున్నారు. మణికట్టు ఇటు తిప్పాలో అటు తిప్పాలో తేల్చుకోలేక వాడు అలాగే నిలబడిపోయాడు.